గోడ ఎక్కిన బొట్టుబిళ్లలు

మా అత్త పోయింది. పోయిన నెలలో ఒకరోజు పొద్దున నేను కాలేజీ లైబ్రరీలో బీరువా తాళం తీస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. నేను హలో అనకముందే "అమ్మ లేదే" అన్నాడు. ఎక్కడికి పోయిందని అడిగాను. నిజంగానే అడిగాను. కూరగాయల బండి దగ్గరికో, ఎదురింటికో పోయి ఉంటుందనే అనుకున్నాను. "తలకు పోసుకోని, వాకిట్లో ఎండకు కుర్చీ ఏసుకోని కూసోనింది. కాఫీ తీసకపోయినాను. పిలిస్తే పలకలేదే..." అని ఫోన్ పెట్టేశాడు.

ఆటోలో వస్తున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. తలకు పోసుకుందంటే జుట్టు తడిగా ఉంటుంది. తువ్వాలు చుట్టుకుని ఉంటుంది. అంటే ఇంకా కొప్పు పెట్టుకుని ఉండదు. మనిషే పోతే కొప్పు గురించి ఆలోచన ఏమిటని మీరనుకోవచ్చు. మా అత్తను ఎరిగినవాళ్లెవరూ అట్లా అనుకోరు. తన చేత్తో పెట్టుకున్న కొప్పు లేకుండా ఆమె మనుషుల కంటబడిన రోజు నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ లేదు, ఆ ఒక్క సంవత్సరం, దాని వెనక కొన్నాళ్లు తప్ప. ఈ నాలుగు మాటలూ ఆ ఒక్క సంవత్సరం గురించే.

అత్తది కాణిపాకం పక్కన పల్లె. చెరకు, చెనిక్కాయలు పండించిన చేతులు. మా మామ పక్షవాతంతో కొన్నేళ్లు మంచాన పడి పోయిన తర్వాత తిరుపతిలో మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన మర్నాటి నుంచే వంటింటి పెత్తనం తీసుకుంది. నేను పోట్లాడాను, ఆమె గెలిచింది. పల్లెలో ఎట్లా లేచేదో ఇక్కడా అట్లాగే లేచేది. మేం లేచేటప్పటికి ఆమె స్నానం అయిపోయి, తల దువ్వుకుని, మెడ వెనక గట్టి కొప్పు పెట్టుకుని, కాఫీ డికాక్షన్ దింపి ఉండేది. ఆ జుట్టు నడుము దాటేది. తెల్ల వెంట్రుకలే ఎక్కువ. అయినా అంత జుట్టునూ ఒక్క పిన్ను లేకుండా, రెండు చేతులూ తల వెనక్కి పెట్టి, తిప్పి, ముడేసి, చివర దోపేసేది. చూస్తూ ఉండగానే అయిపోయేది. నేను అద్దం ముందు పిన్నులు నోట్లో పెట్టుకుని తంటాలు పడుతుంటే "ఏమ్మే, తలకాయకు కంచె ఏస్తా ఉండావా?" అని వెక్కిరించేది.

అట్లాంటి మనిషికి కుడి భుజం పట్టేసింది. మొదట పై అరలో డబ్బా అందుకోబోయి "అబ్బా" అంది. తర్వాత పైట సర్దుకోవడం కష్టమైంది. ఆమెకు షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటుంది. భుజానికీ షుగరుకూ సంబంధం ఉంటుందని మాకేం తెలుసు? మేం చేసిన పని చెబుతాను, వింటే ఫిజియోథెరపీ తెలిసినవాళ్లు తల పట్టుకుంటారు. ప్రేమతో చేశాం. గరిటె ముట్టనివ్వలేదు. బకెట్ ఎత్తనివ్వలేదు. మా ఆయన పాత పంచె చింపి, చేతిని మెడకు వేలాడేసి కట్టాడు. విరిగిన చేతికి కట్టినట్లు. విరిగింది ఏమీ లేదు. "కదిలీకమ్మా, అదే సర్దుకుంటాది" అని కొడుకు, "కదిలీకండి అత్తా" అని కోడలు. ఆమె పాపం కదిలించలేదు. నెల దాటేటప్పటికి ఆ చేయి నిజంగానే కదలడం మానేసింది. నొప్పికి మేం ఇచ్చిన విశ్రాంతి భుజాన్ని ఇంకాస్త బిగించిపెట్టింది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నేను లేచి చూస్తే కాఫీ వాసన లేదు. అత్త మంచం మీద కూర్చుని ఉంది. జుట్టంతా వీపు మీద, భుజాల మీద పడి ఉంది. ఎడమ చేతిలో దువ్వెన. ఒక చేత్తో దువ్వడమైతే దువ్వింది కానీ, ఒక చేత్తో కొప్పు ఎట్లా పడుతుంది? ఎంతసేపటి నుంచి అట్లా కూర్చుందో తెలియదు. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. "నేను పెడతాను లెండి అత్తా" అన్నాను. దువ్వెన ఇంకోసారి పాపిట మీద పెట్టి చూసుకుంది. తర్వాత దువ్వెన నా వైపు చాపింది.

అత్తాకోడళ్ల మధ్య ఎన్నో జరుగుతాయి. తల దువ్వడం వాటిలో ఒకటి కాదు. నాకు చేతులు ఆడలేదు. ఆమెకు మెడ నిలబడలేదు. "పాపిట వంకర పోతా ఉండాది మే" అంది. సరిచేశాను. "ఇప్పుడింగా వంకర." మళ్లీ సరిచేశాను. "పోనీలే, కళ్లులేనోడు ఏసిన గెనెం లెక్క ఉండాది గానీ, కానీ" అంది. గెనెం అంటే పొలం గట్టు. నా కోపం నాకొచ్చింది. దువ్వెన విసిరేసి పోదామనిపించింది. అప్పుడు చూశాను, ఆమె కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి.

"నొప్పిగా ఉందా అత్తా?"

"నొప్పి కాదు. మీ మామకు అన్నీ నేనే చేసినాను కదా. మొట్టమొదట గడ్డం గీసినాను. తర్వాత నీళ్లు పోసినాను. ఆపైన బువ్వ తినిపించినాను. గడ్డం గీసిన పొద్దు ఆయన నన్ను ఎట్ల సూసినాడో నాకు తెలుసు. ఆడ మొదలైంది. ఈ పొద్దు నాకు జడ. రేపు నీళ్లు. ఎల్లుండి బువ్వ." ఊపిరి తీసుకుంది. "నేను ఆ దావన పోను మే. ఈ రెక్క లేయాల. అంతే."

ఆ మాటతో మెడకున్న కట్టు తీసి మంచం మీద పడేసింది. మర్నాడే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు. కీలు చుట్టూ ఉండే పొర మందమై బిగుసుకుపోయిందని, షుగరున్నవాళ్లకు ఇది ఎక్కువని, ఒక ఇంజక్షన్ ఇస్తానని, అసలు పని మాత్రం ఫిజియోథెరపీదేనని చెప్పాడు. అత్త అంతా విని, "పేరేదైనా కానీ సార్. లేస్తాదా లేయదా, అది సెప్పండి" అంది. "లేస్తుందమ్మా. నెలలు పడుతుంది. ఓపిక కావాలి" అన్నాడు. "ఓపికకేం, సేద్యం సేసినోళ్లం" అంది. అప్పటికి ఆమెకూ తెలియదు, ఆ ఓపిక ఎంత కావాలో.

ఫిజియోథెరపీ చేసిన అమ్మాయిది తమిళనాడు సరిహద్దులో ఉన్న తడ ఊరు. చదువు ముగించి వచ్చి రెండు మూడేళ్లయి ఉంటుంది. మా అత్త ఆ అమ్మాయిని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు, "తడ పిల్లా" అనే పిలిచింది. ఆ పిల్లకు సరిహద్దు అలవాటు ఒకటుంది. మాట్లాడేది తెలుగే అయినా, వ్యాయామం చేయించేటప్పుడు లెక్క మాత్రం అరవంలో పెడుతుంది. అత్త మూలుగుతూనే ఆ లెక్క నేర్చుకుంది. ఇంట్లో గోడ ముందు నిలబడి "ఒణ్ణు... రెండు... మూణు..." అని అరవంలో పళ్లు కొరుకుతుంటే నేను వంటింట్లో నవ్వు ఆపుకునేదాన్ని.

క్లినిక్కులో మొదట భుజం మీద వేడి కాపడం. తర్వాత ఆ పిల్ల చేతిని మెల్లగా పట్టి కొద్దికొద్దిగా సాగదీసేది. ఇంటి దగ్గర చేయాల్సినవి వేరే. ముందుకు వంగి, బల్ల మీద ఎడమ చేయి ఆనించి, కుడి చేతిని వదులుగా వేలాడేసి గడియారం లోలకం మాదిరి ఊపడం. కర్రను రెండు చేతులా పట్టుకుని, బాగున్న చేయి తోస్తుంటే బాగాలేని చేయి పక్కకు పోవడం. తువ్వాలును వీపు వెనక పట్టుకుని లాగడం. వీటన్నిటికంటే ముఖ్యంగా గోడ ఎక్కడం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ మీద నడుచుకుంటూ చేతిని పైకి తీసుకుపోవాలి. ఎక్కడ ఆగిందో అక్కడ కాసేపు ఉంచి దించాలి.

మొదటి రోజు అత్త వేళ్లు ఆమె రొమ్ము ఎత్తు దాకా పోయి ఆగిపోయాయి. ముఖమంతా చెమట. "ఇంతేనా?" అంది తన చేతిని చూసుకుంటూ, ఎవరో పనిమనిషిని అడిగినట్లు. తర్వాత నా వైపు తిరిగి, "నీ బొట్టుబిళ్ల ఒకటియ్యి" అంది.

నాకు అర్థం కాలేదు. మామ పోయిన తర్వాత అత్త బొట్టు పెట్టుకోలేదు. పెట్టుకోండని నేనూ, మా ఆయనా చాలాసార్లు చెప్పాం. వినలేదు. నా స్టిక్కర్ల అట్టను అద్దం దగ్గర చూస్తే పక్కకు జరిపేదే కానీ ముట్టుకునేది కాదు. ఇప్పుడు అడిగిందని సంబరంగా అట్ట మొత్తం తెచ్చిచ్చాను. ఒక ఎర్ర బిళ్ల తీసి, గోడ మీద తన వేలు ఆగిన చోట అంటించింది. "ఈడికి వచ్చింది. రేపు దీన్ని దాటాల" అంది. ముఖానికి వద్దన్న బొట్టు గోడకు పెట్టింది మా అత్త. వంటింటికీ హాలుకూ మధ్య ఉన్న గోడ అది. వచ్చిపోయేవాళ్లంతా ఇదేమిటని అడిగేవాళ్లు.

దాటుతుందనుకున్నది దాటలేదు. మర్నాడు దాటలేదు, ఆ వారమూ దాటలేదు. చేయి అక్కడికే వచ్చి ఆగేది. తడ పిల్ల మాత్రం "బానే ఉంది అవ్వా, నొప్పి తగ్గుతోంది కదా, కదలిక దాని వెనకే వస్తుంది" అనేది. అత్తకు నమ్మకం లేక కాదు, తొందర. పొద్దున్నే నా ముందు తల వంచి కూర్చోవడం ఆమెకు రోజూ ఒక పరీక్ష. నాకు మాత్రం అప్పటికి చేయి కాస్త తిరిగింది. పాపిట ఇంకా వంకరే అని ఆమె అనేది. ఇక్కడొక మాట చెప్పాలి. ఆ దువ్వుకునే కాసేపట్లో ఆమె నాతో మాట్లాడిన మాటలు అంతకుముందు అన్నేళ్లలో మాట్లాడలేదు. పెళ్లయిన కొత్తలో తనకు వంట రాదని అత్తగారు ఏమన్నదీ, మా మామ దొంగచాటుగా వచ్చి సంగటి ఎట్లా కెలికి ఇచ్చిందీ, అన్నీ నాకు వీపు చూపిస్తూనే చెప్పింది. ఎదురుగా కూర్చుంటే చెప్పి ఉండేది కాదనుకుంటాను.

ఒక సాయంత్రం ఎదురింటామె వచ్చింది. అత్త తువ్వాలు వీపు వెనక పట్టుకుని లాగుతూ, కింది పెదవి కొరుక్కుంటూ ఉంది. ఎదురింటామెకు జాలేసింది.

"ఇంత బాధ ఏంటికి పెద్దమ్మా? ఎంటికలే కదా. కొండకు పోయి స్వామికి ఇచ్చేసి రా. మొక్కు తీరినట్లూ ఉంటాది, కోడలికి పని తగ్గినట్లూ ఉంటాది."

బయటి ఊళ్ల వాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. తిరుపతిలో మాకు తల మీది ఏ కష్టానికైనా ఒకటే మందు. పిల్లలకు పేలు పడితే కొండ. జ్వరమొచ్చి లేచి జుట్టు రాలితే కొండ. ఎండలు ఎక్కువైతే కొండ. బస్సెక్కి పోయి తలనీలాలు ఇచ్చేసి, గంధం పూసుకుని, లడ్డు పట్టుకుని సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. పుణ్యమూ పురుషార్థమూ ఒకే టికెట్టులో. కాబట్టి ఎదురింటామె మాట మా ఆయనకు బ్రహ్మాండంగా నచ్చింది. "అవునమ్మా, ఈ శనివారమే పోదాం" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది.

అత్త తువ్వాలు కింద పెట్టింది.

"సంతలో ఎవురూ కొనని దూడను గుడికి తోలినట్లు, నాకు పనికిరాని ఎంటికలు స్వామికిచ్చేదా? నేను దువ్వుకోలేక వదిలించుకునేది మొక్కెట్లయితాది?"

"అంటే... మంచిదే కదా అని..." అంది ఎదురింటామె.

"మంచిదే. ఇస్తా. ఇయ్యనని సెప్పలేదు. నా రెండు సేతులతో నేనే కొప్పు పెట్టుకోవాల. అది బాగుండాదని అద్దంలో సూసి నేను అనుకోవాల. ఇస్తే అప్పుడిస్తా. అంతదాకా ఆయన కొండ మీద ఆయన ఉంటాడు, నా గోడ కాడ నేనుంటా."

నాకు ఒళ్లు మండింది. ఇన్ని నెలలు ఏడ్చి, మూలిగి, చేయి బాగుచేసుకునేది జుట్టు కోసం. ఆ జుట్టు బాగుచేసుకునేది ఇచ్చేయడం కోసం. ఇదేం లెక్క? రాత్రి మా ఆయనతో అదే అన్నాను. "అమ్మ లెక్క అమ్మది. అడ్డం పోతే మనల్నీ గోడెక్కిస్తాది" అన్నాడు.

మొక్కు మొక్కిన తర్వాత ఆమెకు పూనకం వచ్చినట్లయింది. పల్లెకు ఫోన్ చేసి, ఎండిపోయిన బావి మీద ఊరికే ఉన్న గిలకను ఊడదీయించి తెప్పించింది. మా హాల్లో ఉయ్యాల కొక్కేనికి దాన్ని తగిలించి, తాడు వేయించింది. ఒక కొస బాగున్న చేతిలో, ఒక కొస బాగాలేని చేతిలో. ఎడమ చేయి కిందికి లాగితే కుడి చేయి పైకి లేస్తుంది. తడ పిల్ల వచ్చి చూసి, క్లినిక్కులో ఉన్న దానికంటే ఇదే బాగుందని మెచ్చుకుంది. మెల్లగా లాగాలని, నొప్పి మొదలైన చోట ఆగి, కాసేపు నిలిపి, దించాలని మరీ మరీ చెప్పి పోయింది.

ఆ మెప్పు అత్త తలకెక్కింది. మర్నాడు మేం ఇంట్లో లేనప్పుడు, నీళ్ల కడవ తోడినట్లు తోడింది. కళ్లు మూసుకుని గుంజింది. నేను వచ్చేటప్పటికి చేయి ఒడిలో పెట్టుకుని సోఫాలో ముడుచుకుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వారం రోజులు నిద్ర లేదు. గోడ దగ్గర వేలు మొదటి బొట్టును కూడా అందుకోలేదు. ఇన్నాళ్ల కష్టమూ పోయిందని నేనే భయపడ్డాను. ఆ వారంలో ఒకసారి "ఇంగ అయిపోయింది మే, నేనూ మీ మామ దావనే" అంది. ఆమె నోట ఆ మాట నేను విన్నది ఆ ఒక్కసారే. నేను ఆమె తల దువ్వుతూనే ఉన్నాను. చిక్కు లేకపోయినా దువ్వాను.

తడ పిల్ల ఇంటికే వచ్చింది. తిట్టదేమో అనుకున్నాం. తిట్టింది. "నొప్పి వచ్చి కాసేపట్లో పోతే మనం పని చేసినట్లు అవ్వా. నొప్పి వచ్చి మర్నాటికి కూడా పోకపోతే పని చెడగొట్టినట్లు. ఇన్నిసార్లు చెప్పినా, ఎందుకవ్వా ఆ తొందర?"

అత్త తల వంచుకుని వింది. తర్వాత మెల్లగా అంది. "సెనిక్కాయలు పెరికేటప్పుడు కూలోళ్లకు నేనే సెప్పేదాన్ని. నేల ఎండిపోయినప్పుడు గుంజితే సెట్టు సేతికొస్తాది, కాయ నేలలోనే ఉంటాది. తడిపి, మెత్తబడినాక పెరకండి అని. ఊరోళ్లకు సెప్పినది నాకు నేను సెప్పుకోలేదు సూడు." తడ పిల్లకు నవ్వాగలేదు. "ఆ తడపడమే వేడి కాపడం అవ్వా" అంది. వేడి నీళ్ల సంచి తువ్వాల్లో చుట్టి పెట్టాలని, షుగరున్నవాళ్లకు వేడి సరిగా తెలియదు కాబట్టి ముందు నన్నే చేయి పెట్టి చూడమని చెప్పింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కాపడానికి పేరు మారింది. "మే, నేల తడుపు" అనేది అత్త. నేను నీళ్లు కాచేదాన్ని.

తర్వాత పెద్ద విశేషాలేవీ లేవు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే పని. టీవీలో సీరియల్ వస్తున్నా, ఇంటికి చుట్టాలు వచ్చినా, వేళ అయితే లేచి గోడ దగ్గరికి పోయేది. వినాయక చవితికి పల్లె నుంచి వచ్చిన ఆడపడుచు ఏదో చెబుతూ ఉంటే, గోడకు చేయి ఆనించి, వీపు చూపిస్తూ "నువ్వు సెప్పు, నేను వింటా ఉండా" అంది. షుగరు మాత్రలు ఒక్క పూట మానలేదు. అంతకుముందు దొంగచాటుగా తినే బెల్లం ముక్క కూడా మానేసింది, అది నాకు పెద్ద ఆశ్చర్యం. గోడ మీద బొట్లు ఒకదాని పైన ఒకటి లేస్తూ వచ్చాయి. ఎర్రవి అయిపోతే మెరూన్, అవీ అయిపోతే నా దగ్గరున్న పచ్చ రాళ్లవి. ఒక్కో బొట్టుకూ ఇంకో బొట్టుకూ మధ్య ఒక్కోసారి వేలెడు దూరం కూడా ఉండదు. రెండు బొట్లు దాదాపు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఆ రెండింటి మధ్య ఒక నెల గడిచింది.

చలికాలం పోతుండగా ఒక పొద్దున నేను లేచేటప్పటికి కాఫీ వాసన వచ్చింది. మంచం మీదే ఒక నిమిషం అట్లాగే ఉండిపోయాను. లేచి వంటింట్లోకి పోయాను. అత్త పొయ్యి దగ్గర నిలబడి ఉంది, నాకు వీపు పెట్టి. మెడ వెనక కొప్పు. మునుపటంత గట్టిగా లేదు, ఒక పక్కకు కాస్త ఒరిగి ఉంది. ఒక పాయ జారి మెడ మీద పడి ఉంది. ఆమె నా వైపు తిరగలేదు. "ఎట్లుండాది?" అంది.

"వంకరగా ఉంది" అన్నాను.

ఇద్దరం నవ్వాం. నవ్వుతుండగానే నాకు ఏడుపు వచ్చింది. సంతోషమే, కాదనను. కానీ ఇక రేపటి నుంచి నాకు ఆ పని లేదు కదా అనిపించింది. దువ్వెన పట్టుకుని ఆమె వెనక కూర్చునే ఆ కాసేపు నాది అనుకున్నాను. నిజానికి అది ఆమెకు చెర. ఆమె చెర విడిపోయిన రోజు నాకు దిగులేసిందంటే వినేవాళ్లకు బాగుండదు. కానీ వేసింది. అత్తకు తెలిసినట్లుంది. డికాక్షన్‌లో పాలు పోస్తూ, "రేపట్నించి నీ తల నేను దువ్వుతా, రా. ఆ కంచె పీకేద్దాం" అంది. దువ్వింది కూడా, ఆదివారాలు.

కొప్పు సరిగ్గా కుదిరిందని ఆమెకు అనిపించేదాకా ఇంకొన్నాళ్లు ఆగింది. తర్వాత కొండకు పోయాం. తడ పిల్ల కూడా సెలవు పెట్టి వచ్చింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు ఒరిగినప్పుడల్లా అత్త కుడి చేత్తో పై కమ్మీ పట్టుకుంది. సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు. తడ పిల్ల నన్ను మోచేత్తో పొడిచి ఆ చేతిని చూపించింది. కల్యాణకట్టలో ఆడవాళ్ల వైపు కత్తి పట్టుకున్నామె తల తడపబోయి కొప్పు మీద చేయి వేస్తే అత్త ఒప్పుకోలేదు. "ఉండు తల్లీ, నేను ఇప్పుకుంటా" అంది. రెండు చేతులూ తల వెనక్కి పోయాయి. ముడి విప్పింది, జుట్టు దులిపింది, మళ్లీ అంతా పోగుచేసి, తిప్పి, ఆఖరుసారి ఒక కొప్పు పెట్టింది. గట్టిగా, మునుపటిలాగా. ఒక క్షణం దాని మీద అరచేయి ఉంచింది. తర్వాత తనే విప్పేసి, "ఇంగ కానీ" అని తల వంచింది. ఆ కత్తి పట్టుకున్నామె మా ముఖాలు చూసి, ఏమిటో అర్థం కాక, నీళ్లు చల్లింది.

నున్నటి తల మీద గంధం పూసుకుని, కుడి చేత్తో తల నిమురుకుంటూ బయటికి వచ్చి, "సేయి బాగైంది. దువ్వేదానికి ఏం లేదు" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక గానీ నాకు ఆమె లెక్క అర్థం కాలేదు. గెలుచుకున్నది కాబట్టే ఇవ్వగలిగింది. నేను ఒప్పుకున్నాను, పైకి చెప్పలేదు.

జుట్టు మళ్లీ వచ్చింది. భుజాల దాకా పెరిగింది. నిమ్మకాయంత కొప్పు పెట్టుకునేది, ఎంతో పని ఉన్నట్లు రెండు చేతులూ ఎత్తి. ఆ తర్వాత ఆమెకు కొత్త అలవాటు ఒకటి వచ్చింది. ఎవరైనా భుజం పట్టుకుని నొప్పి అన్నారంటే వదిలేది కాదు. పాలవాడినీ వదల్లేదు, ఎదురింటామె తమ్ముణ్ణీ వదల్లేదు. "ముందు డాక్టరుకు సూపీ. కట్టు కట్టద్దు. తర్వాత తడ పిల్ల కాడికి పో" అని. వాళ్ల చేయి ఎంత లేస్తుందో మా గోడ దగ్గర నిలబెట్టి చూసేది. నేను ఆమెను గోడ డాక్టరు అని ఆటపట్టించేదాన్ని.

పోయే ముందు ఒక ఆదివారం నా తల దువ్వుతూ ఆగిపోయింది. "నీ పాపిట నువ్వు వంకరగా తీస్తా ఉండావు ఈ నడుమ. ఎడమ రెక్క నొస్తా ఉండాదా?" అంది. ఏం లేదు అత్తా, నిద్రలో పట్టేసి ఉంటుంది అన్నాను. నొస్తోంది. అప్పటికే కొన్ని వారాలుగా నొస్తోంది. పై అరలో పుస్తకం తీయాలంటే కుర్చీ వేసుకునేదాన్ని. ఆమె పడిన బాధ అంతా కళ్లారా చూశాను కనుక, అది నాకు కాదులే అని నన్ను నేను నమ్మించుకునేదాన్ని. ఆమె ఇంకేం అడగలేదు.

ఆ పొద్దున నేను ఇంటికి చేరేటప్పటికి అత్తను చాప మీద పడుకోబెట్టారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పి పోయాడట. ముఖం ప్రశాంతంగా ఉంది. తలకు చుట్టిన తువ్వాలు అట్లాగే ఉంది. చుట్టాలు ఒక్కొక్కరే వస్తున్నారు. ఎవరో పెద్దామె ఆ తువ్వాలు తీసి, జుట్టు ఊరికే వెనక్కి తోసి సరిపెట్టబోతే, నేను వద్దన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆమె దువ్వెన తెచ్చుకుని తల దగ్గర కూర్చున్నాను. పాపిట తీశాను. తిన్నగా వచ్చింది. ఎవరూ వంకర అనలేదు. ఆమె అని ఉంటే బాగుండేదని ఎంత అనిపించిందో. ఆ కొంచెం జుట్టుతోనే కొప్పు పెట్టాలి. కుడి చేయి జుట్టు దాకా పోయింది. ఎడమ చేయి అంత దూరం చాపేటప్పటికి భుజంలో కత్తి దిగినట్లయి, చేయి నా ఒళ్లో పడిపోయింది. పక్క నుంచి ఇంకో చేయి వచ్చి ఆ జుట్టు పట్టుకుంది. తడ పిల్ల. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. నేను తిప్పాను, ఆ పిల్ల పట్టుకుంది. ఇద్దరం కలిసి మా అత్తకు కొప్పు పెట్టాం.

అన్నీ అయిపోయి, జనం పలచబడినాక, తడ పిల్ల నా దగ్గర కూర్చుంది.

"పోయిన వారం అవ్వ ఫోన్ చేసిందక్కా. మా కోడలు రెక్క నొప్పి దాస్తా ఉండాది, నేనడిగితే సెప్పదు, నువ్వే వచ్చి పట్టుకో అనింది. ఈ ఆదివారం వస్తానవ్వా అని చెప్పినా." కళ్లు తుడుచుకుంది. "ఆదివారం వస్తాక్కా. తప్పించుకోవద్దు."

వచ్చింది. అత్త పటం ముందు దీపం వెలుగుతుండగా నా చేయి ఎత్తించి, తిప్పించి చూసింది. డాక్టరు చీటీ ముందు, తన పని తర్వాత అంది. రెండూ మొదలయ్యాయి. గిలక ఇంకా ఆ కొక్కేనికే ఉంది. నీళ్లు నేనే కాచుకుంటున్నాను, నేల తడుపుకుంటున్నాను.

ఈ పొద్దున గోడ ముందు నిలబడ్డాను. రంగులు వెలిసిన బొట్లు, కొన్నింటి అంచులు లేచిపోయాయి. నా వేళ్లు నడిచి నడిచి ఒకచోట ఆగిపోయాయి. చూస్తే, అత్త రెండో నెలలో అంటించిన ఎర్ర బిళ్ల. చాలాసేపు అక్కడే వేలు ఉంచి, పైకి చూశాను. బొట్లు ఒకదాని పైన ఒకటి, అక్కడక్కడా వంకరగా, గుమ్మం ఎత్తు దాకా పోతున్నాయి. అన్నిటికంటే పైన, తల పైకెత్తితే తప్ప కనబడనంత ఎత్తులో, పచ్చ రాయి బొట్టు ఒకటి కిటికీ వెలుగుకు మెరుస్తోంది.